గుంట గట్టు మీది నోటు పుస్తకం నుంచి ఫైలు దాకా

(నెల్లూరులో డిగ్రీ, పీజీ స్టాటిస్టిక్స్ విద్యార్థులకు ఒక అధ్యాపకుడు ఇచ్చిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగ్ విని టైప్ చేశాం.)

వెనక కూర్చున్నవాళ్ళు కాస్త ముందుకు రండమ్మా. ముందు రెండు వరసలూ ఖాళీగానే ఉన్నాయి. తెర మీద అక్షరాలు చిన్నవి, అంత దూరం నుంచి కనపడవు. ఆ, రండి, రండి.

ముందు ఒక మాట అడుగుతాను. మీలో ఎంతమంది ఇళ్ళల్లో రొయ్యల గుంటలున్నాయి? చేతులెత్తండి. సగం మందికి పైనే ఉన్నారే! ఇందుకూరుపేట, ముత్తుకూరు, విడవలూరు, అల్లూరు... సరే. సొంతంగా లేనివాళ్ళకి కూడా మేనమామకో బాబాయికో ఉండే ఉంటాయి. అంటే తెల్లవారుజామున గట్టు మీద టార్చిలైటు పెట్టుకుని ఆక్సిజన్ మీటరు నీళ్ళలో ముంచి నోటు పుస్తకంలో నంబరు రాయడం మీకు కొత్త కాదు. ఆ నంబరు గురించే ఈ రోజు మన మాట.

నాకిచ్చిన విషయం ఏందంటే, ఆర్ అనే కంప్యూటర్ భాషలో సమ్మరీ, అంటే కనిష్ఠం, సగటు లాంటి నాలుగైదు సంఖ్యలు తీసి ఆ సమ్మరీని ఫైలుగా బయటికి పంపడం. వినడానికి ఒక్క లైను పని. నిజంగానే ఒక్క లైను. మరి ఒక్క లైను పనికి గంటసేపు ప్రసంగం ఎందుకు? ఎందుకంటే ఆ ఫైలు మీ చేతిలోంచి బయటికి పోయాక దాన్ని చూసేవాళ్ళకి మీ నోటు పుస్తకం కనపడదు. మీ గుంట కనపడదు. ఆ నాలుగు వరసల టేబులే కనపడుతుంది. దాన్ని చూసే మేత పెంచాలా తగ్గించాలా, నీళ్ళలోకి గాలి కలిపే ఏరేటర్లు ఇంకో రెండు పెట్టాలా అని తేల్చుకుంటారు. ఆ టేబుల్లో లేనిది వాళ్ళ దృష్టిలో జరగనే లేదు.

ఆర్ గురించి తెలియనివాళ్ళు ఉంటే రెండు ముక్కల్లో చెబుతాను. అమెరికాలో బెల్ ల్యాబ్స్‌లో 1976లో జాన్ చేంబర్స్, ఆయన తోటివాళ్ళు స్టాటిస్టిక్స్ లెక్కల కోసం ఎస్ అనే కంప్యూటర్ భాష మొదలుపెట్టారు. దాని బాటలోనే 1990ల మొదట్లో న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్ యూనివర్సిటీలో రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్‌మన్ అని ఇద్దరు ఆర్ తయారు చేశారు. ఇద్దరి పేర్లూ ఆర్‌తోనే మొదలవుతాయి, గమనించారా? మొదటి పూర్తి వెర్షన్ 2000 ఫిబ్రవరి 29న వచ్చింది. ఉచితం. పైసా కట్టక్కర్లేదు. స్టాటిస్టిక్స్ అనగానే ఎక్కడో విదేశాల సంగతి అనుకోకండి. ఈ శాస్త్రంలో పేరుమోసిన సి.ఆర్. రావుగారు చిన్నప్పుడు కొన్నాళ్ళు మన గూడూరులో చదువుకున్నారు. 2023లో ఈ శాస్త్రంలో ప్రపంచంలోకెల్లా పెద్ద బహుమతి ఆయనకే ఇచ్చారు, అప్పటికి ఆయన వయసు నూట రెండేళ్ళు. ఆయన నడిచిన ఊళ్ళ పక్కనే మనం కూర్చుని ఉన్నాం.

సరే, గుంట దగ్గరికి పోదాం.

నీళ్ళలో కరిగిన ఆక్సిజన్, మనవాళ్ళు డీవో అంటారు. ఇది రోజంతా ఒకటే ఉంటుందా? ఉండదు. పగలు ఎండకి నీళ్ళలోని నాచు ఆక్సిజన్ విడుస్తుంది, మధ్యాహ్నానికి బాగా పెరుగుతుంది. రాత్రయితే విడిచేది లేదు. రొయ్య పీలుస్తుంది, నాచు పీలుస్తుంది, అడుగున కుళ్ళే మేత కూడా లాగేసుకుంటుంది. అందుకని పొద్దు పొడవబోయే ముందు అన్నిటికన్నా తక్కువ ఉంటుంది. లీటరు నీళ్ళకి నాలుగు మిల్లీగ్రాముల కన్నా తగ్గితే మనకు గుండె దడ మొదలు. ఇది మీకు నేను చెప్పక్కర్లేదు, మీ నాన్నగారి ముఖం చూస్తేనే తెలుస్తుంది.

ఇప్పుడు ఒక రోజు లెక్క అనుకుందాం. ఊరికే ఉదాహరణకి. తెల్లవారుజాము అయిదింటికి రెండు పాయింట్ తొమ్మిది. పది గంటలకి అయిదు పాయింట్ ఆరు. మధ్యాహ్నం మూడింటికి ఎనిమిది పాయింట్ ఒకటి. రాత్రి తొమ్మిదింటికి అయిదు పాయింట్ ఎనిమిది. కూడండి. ఎంత? ఇరవై రెండు పాయింట్ నాలుగు. నాలుగుతో భాగించండి. అయిదు పాయింట్ ఆరు. సగటు 5.6! ఫైల్లో సగటు ఒక్కటే పంపితే చూసినవాడు ఏమనుకుంటాడు? గుంట బ్రహ్మాండంగా ఉంది, నిద్రపోవచ్చు అనుకుంటాడు. తెల్లవారుజామున 2.9 దగ్గర రొయ్యలు నీళ్ళ పైకి వచ్చి తేలుతున్న సంగతి ఆ 5.6లో ఉందా? లేదు.

అందుకని సగటు పక్కన కనిష్ఠం ఉండాలి. ఇది అందరూ చెప్పేదే, మీ పుస్తకాల్లోనూ ఉంది. నేను దీని తర్వాతి మెట్టు గురించి చెప్పాలనుకుంటున్నాను. ఆ అయిదింటి రీడింగు తీయలేదనుకోండి. ఎందుకు తీయలేదు? కరెంటు పోయింది. ఏరేటర్లు ఆగిపోయినాయి. కుర్రాడు జనరేటర్ దగ్గరికి పరుగెత్తాడు, డీజిల్ పోశాడు, స్టార్ట్ చేశాడు. ఆ టెన్షన్‌లో మీటరు ఎవడు ముంచుతాడు? నోటు పుస్తకంలో ఆ గడి ఖాళీ. ఇప్పుడు మిగిలిన మూడు రీడింగులు కూడండి. పందొమ్మిదిన్నర. మూడుతో భాగిస్తే? ఆరున్నర!

చూశారా? గుంట చచ్చేంత పనైన రోజున సగటు 5.6 నుంచి 6.5కి పెరిగింది. కనిష్ఠం 2.9 కావలసింది 5.6 అయిపోయింది. టేబులు చూస్తే అన్ని రోజుల్లోకీ ఆ రోజే బాగున్నట్టుంది. ఖాళీ గడి అంటే ఏమీ లేదని కాదు నాయనా. చాలాసార్లు అసలు కథ ఆ ఖాళీ గడిలోనే ఉంటుంది. మనకి ఈశాన్య రుతుపవనాల్లో, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ముసురు పట్టిన రోజుల్లో చూడండి. మబ్బు వల్ల ఆక్సిజన్ తక్కువ, గాలివానకి కరెంటు ఉండదు, గట్టు బురద. రీడింగులు పోయేది ఆ రోజుల్లోనే. అంటే రీడింగులు ఎట్లా పడితే అట్లా పోవు, చెడ్డ రోజులు చూసుకుని పోతాయి.

ఆర్ దీన్ని ఎట్లా చూస్తుంది? ఖాళీ గడిని ఎన్ఏ అని రాసుకుంటుంది. ఎన్ఏ ఉన్న వరసకి సగటు అడిగితే నేను చెప్పను పో అన్నట్టు సమాధానం కూడా ఎన్ఏ అనే ఇస్తుంది. అది ఆ భాష చేసిన మంచి పని. మనమేం చేస్తాం? విసుక్కుని, ఎన్ఏ డాట్ ఆర్ఎమ్ ఈజ్ ఈక్వల్ టు ట్రూ అని కొడతాం. అంటే ఖాళీలు పక్కన పడేసి లెక్క కట్టు అని. అది తప్పని నేను అనను, కట్టాల్సిందే. కట్టినప్పుడు ఎన్ని ఖాళీలు పడేశామో ఆ సంఖ్య కూడా ఫైల్లో పంపండి. రీడింగులు ఇన్ని, ఖాళీలు ఇన్ని. రెండు కాలమ్‌లు. అంతే కదా, అదేమన్నా పెద్ద కష్టమా?

ఇక్కడ నాకు జరిగినది ఒకటి చెప్పాలి. నేను పీజీ అయిపోయిన కొత్తలో మా మేనమామ గుంటల లెక్కలు తీసుకుని ఆర్‌లో వేశాను. ఆరు గుంటలు, ఒక పంట కాలం. గుంటవారీగా సమ్మరీ తీసి, వాటన్నిటినీ ఒకదాని కింద ఒకటి పేర్చి, ఫైలు చేసి, ప్రింటు తీసి ఆయనకిచ్చాను. ఆయన పదో తరగతి దాటలేదు. కళ్ళజోడు పెట్టుకుని వేలితో ఒక్కో గడీ చూసుకుంటూ పోయాడు. ఒకచోట ఆగాడు. "ఏం నాయనా, ఈ గుంటలో మూడు పాయింట్ ఒకటి రీడింగులు పోయినాయి అని ఉందే. ఒకటి పోతే ఒకటి, రెండు పోతే రెండు. పాయింట్ ఒకటి ఎట్లా పోద్ది?"

నా దగ్గర జవాబు లేదు. ఇంటికి పోయి రాత్రంతా కూర్చుంటే తేలింది. మీరు జాగ్రత్తగా వినండి, ఇది మీకు కూడా జరుగుతుంది. ఆర్‌లో సమ్మరీ అడిగితే ఆరు సంఖ్యలిస్తుంది: కనిష్ఠం, మొదటి చతుర్థాంశం (చిన్న నుంచి పెద్దకి పేర్చితే పావు దగ్గరుండేది), మధ్యగతం (నడుమది), సగటు, మూడో చతుర్థాంశం (ముప్పావు దగ్గరుండేది), గరిష్ఠం. ఆ వరసలో ఖాళీలు ఉంటేనే ఏడో సంఖ్యగా వాటి లెక్క ఇస్తుంది. లేకపోతే ఆరే. మా మామ గుంటల్లో నాలుగింటికి ఖాళీలు ఉన్నాయి, రెండింటికి లేవు. నాలుగు వరసలు ఏడేసి సంఖ్యలతో, రెండు వరసలు ఆరేసి సంఖ్యలతో. వీటిని ఆర్‌బైండ్‌తో పేరిస్తే పొట్టి వరసలో ఏడో గడి నింపాలి కదా? ఆర్ ఏం చేస్తుందంటే వరస మొదటికి పోయి అక్కడున్నదాన్ని మళ్ళీ తెచ్చి పెడుతుంది. మొదట ఏముంది? కనిష్ఠం. ఆ గుంట కనిష్ఠం 3.1. అది పోయి ఖాళీల కాలమ్‌లో కూర్చుంది!

ఆర్ చెప్పలేదా అంటే చెప్పింది. తెర మీద ఒక వార్నింగ్ వచ్చింది, వరసల పొడవులు కుదరడం లేదు అని. నేను చదవలేదు. ఫైలు తయారైంది కదా అని ముందుకు పోయాను. ఆ రోజు మా మామ వేలు ఆ గడి మీద ఆగకపోతే ఆ టేబులు అట్లాగే ఉండిపోయేది. ఇంకో మాట. అక్కడ కనిష్ఠం 3.1 కాబట్టి దొరికింది. సరిగ్గా 4 అయి ఉంటే? నాలుగు రీడింగులు పోయినాయని ఎవరైనా నమ్మేస్తారు. ఒక్క ఖాళీ కూడా లేని గుంటకి నాలుగు ఖాళీలు అంటగట్టేవాణ్ణి.

మరి మార్గమేంది? ఆర్ ఇచ్చే సమ్మరీని నమ్ముకోకుండా మీ సొంత ఫంక్షన్ రాసుకోండి. ఎప్పుడు పిలిచినా అన్నే సంఖ్యలు, అదే వరసలో ఇవ్వాలి. ముందు రీడింగుల సంఖ్య. తర్వాత ఖాళీల సంఖ్య. ఖాళీలు ఎన్నో ఈజ్ డాట్ ఎన్ఏ పెట్టి సమ్ చేస్తే వచ్చేస్తుంది, లేకపోతే సున్నా వస్తుంది, సున్నా కూడా ఒక సంఖ్యే. ఆ తర్వాత కనిష్ఠం, మధ్యగతం, సగటు, గరిష్ఠం, కావాలంటే స్టాండర్డ్ డీవియేషన్. ఎనిమిది లైన్లు దాటదు. ఒక గుంటకి అసలు రీడింగులే లేకపోతే మాత్రం కనిష్ఠం అడిగితే అనంతం అని ఇస్తుంది, అది కూడా చూసుకోండి. అలాంటి గుంటకి ఎన్ఏ అనే రాయించండి.

ఇక ఫైలు రాయడం. టేబులుని సీఎస్‌వీగా, అంటే గడుల మధ్య కామాలు పెట్టిన ఫైలుగా రాసే కమాండ్: రైట్ డాట్ సీఎస్‌వీ. చాలామంది చేసే పొరపాటు ఒకటి చూపిస్తాను, తెర చూడండి. ఆర్‌లో టేబుల్‌ని డేటా ఫ్రేమ్ అంటారు. మొత్తం డేటా ఫ్రేమ్‌కి సమ్మరీ కొట్టి, దాన్ని నేరుగా రైట్ డాట్ సీఎస్‌వీకి ఇచ్చాను. ఇప్పుడు ఎక్సెల్‌లో తెరుస్తున్నాను. గడిలో ఏముంది? సంఖ్య ఒక్కటే ఉందా? "మిన్, చుక్క, మూడు ఖాళీలు, కోలన్, 2.9" అని మొత్తం ఒక మాటలా ఉంది. తెర మీద చూడ్డానికి అందంగా పేర్చిన అక్షరాలే ఫైల్లోకి పోయినాయి. ఎక్సెల్ వీటిని కూడలేదు, గ్రాఫు గీయలేదు. కళ్ళతో చూడ్డానికి చేసిన దాన్ని ఇంకో మిషను చదివే ఫైల్లోకి పంపకూడదు. మీ సొంత ఫంక్షన్‌తో తీసిన సంఖ్యలని డేటా ఫ్రేమ్ చేసి, దాన్ని పంపండి.

కాలమ్‌లో ఒక్క గడిలో ఎవరైనా "మీటరు పాడు" అని టైప్ చేశారనుకోండి, మొత్తం కాలమ్ అక్షరాలైపోతుంది. అప్పుడు సమ్మరీ అడిగితే పొడవు, క్లాసు, మోడ్ అని ఏవో మూడు చెబుతుంది, సగటు ఉండదు. అది కనపడిందంటే వెనక్కి పోయి డేటా చూడండి. అయితే "మీటరు పాడు" అని రాసిన కుర్రాణ్ణి తిట్టవద్దు. అతను నిజం రాశాడు. దాన్ని తీసి పారేయకుండా పక్కన "వివరం" అని ఇంకో కాలమ్ పెట్టి అందులోకి మార్చండి.

సింక్ అని ఇంకో కమాండ్ ఉంది. అది పెడితే తెర మీద పడేదంతా ఫైల్లోకి పోతుంది. మళ్ళీ ఖాళీ బ్రాకెట్లతో సింక్ కొట్టి మూసేయాలి. మూయడం మరిచిపోతే తెర మూగదవుతుంది, ఏం కొట్టినా జవాబు రాదు, సిస్టమ్ హ్యాంగయిందని పిల్లలు కంగారు పడతారు. హ్యాంగ్ కాలేదు, మాటలన్నీ ఫైల్లోకి పోతున్నాయి, అంతే. అది మనుషులు చదువుకునే రిపోర్టుకి పనికొస్తుంది, టేబులుకి వద్దు.

దశాంశాల సంగతి. తెర మీద సమ్మరీ నాలుగంకెలకి కుదించి చూపిస్తుంది. ఫైల్లోకి పోయేటప్పుడు పదిహేను అంకెల దాకా రాస్తుంది. 4.86666 అని పోతూనే ఉంటుంది. మీ మీటరు ఒక్క దశాంశం చూపించేదైతే ఫైల్లో అన్ని అంకెలు ఉండటం సబబేనా? చదివేవాడికి అంత కచ్చితంగా కొలిచామన్న అబద్ధం చెప్పినట్టే కదా? బయటికి పంపే టేబుల్లో రౌండ్ చేయండి. లోపల అసలు డేటాని మాత్రం ముట్టుకోవద్దు.

యూనిట్లు కూడా. ఇది రొయ్యల దగ్గర మరీ ముఖ్యం. టేబుల్లో "సైజు, సగటు, 50" అని ఉంది. యాభై ఏంది? యాభై కౌంటా, యాభై గ్రాములా? యాభై కౌంటంటే కిలోకి యాభై, అంటే ఒక్కోటి ఇరవై గ్రాములు. కౌంటు పెరిగిందంటే రొయ్య చిన్నదైందని మనకి తెలుసు. తెలియనివాడు ఆ కాలమ్ చూసి యాభై నుంచి అరవైకి పెరిగింది, పంట బాగుందంటాడు. కాలమ్ పేరులోనే రాయండి: "బరువు గ్రాముల్లో" అని. కౌంటు సగటు తీయాల్సి వస్తే ముందు గ్రాముల్లోకి మార్చి సగటు తీసి మళ్ళీ కౌంటు చేయండి. వలలో నలభై కౌంటువి, అరవై కౌంటువి సమాన సంఖ్యలో పడ్డాయనుకోండి, కలిపితే యాభై కౌంటు అనుకుంటాం. కట్టి చూడండి, నలభై ఎనిమిది వస్తుంది. ధర కౌంటు మీదే కదా ఇచ్చేది.

ఎక్సెల్‌తో ఇంకో తంటా. మనం గుంటలకి "3-2" అని నంబర్లు పెట్టుకుంటాం, మూడో బ్లాకు రెండో గుంట అని. సీఎస్‌వీ ఫైలు ఎక్సెల్‌లో తెరిస్తే అది తారీఖు అనుకుని మార్చేస్తుంది. ఇది మనకే వచ్చిన కష్టం కూడా కాదు. జన్యువుల పేర్లు కొన్ని నెలల పేర్లలా ఉండి ఎక్సెల్ వాటిని తారీఖులు చేసేస్తోందని, 2020లో శాస్త్రవేత్తలు ఆ జన్యువుల పేర్లే మార్చుకున్నారు. మనం గుంటల పేర్లు మార్చుకోలేమా? ముందు "గుంట" అని చేర్చండి చాలు. అయితే తెలుగులో రాస్తే ఎక్సెల్‌లో ఆ అక్షరాలు పిచ్చి గుర్తులుగా వస్తాయని మీకు భయం. ఆర్‌కి అదనంగా చేర్చుకునే రీడ్ఆర్ ప్యాకేజీలో రైట్ ఎక్సెల్ సీఎస్‌వీ అని ఉంది, దాంతో రాస్తే తెలుగు తెలుగులాగే తెరుచుకుంటుంది. తెలుగులోనే పెట్టండి. ఆ ఫైలు చదవాల్సింది మా మామలాంటి వాళ్ళు.

రైట్ డాట్ సీఎస్‌వీ అదే పేరుతో పాత ఫైలు ఉంటే అడగకుండా దాని మీదే రాసేస్తుంది. నిన్నటిది పోయినట్టే. ఫైలు పేరులో తారీఖు చేర్చండి, సిస్ డాట్ డేట్ పెడితే దానంతట అదే వస్తుంది.

ఇప్పుడు మీరేమన్నా అడగండి.

ఆ అమ్మాయి అడిగింది అందరికీ వినపడిందా? "ఎక్సెల్‌లోనే సగటు తీసి కాపీ చేసి పెట్టుకుంటే సరిపోదా సార్, ఇదంతా ఎందుకు" అంటోంది. మంచి ప్రశ్నమ్మా. ఒక్కసారికైతే సరిపోతుంది. రేపు మీ నాన్నగారు, "పోయిన బుధవారం రీడింగు తప్పు రాశాను, అది మూడు కాదు అయిదు" అన్నారనుకో. కాపీ చేసిన గడులన్నీ మళ్ళీ వెతికి మార్చాలి. ఏది మార్చావో ఏది మరిచావో నీకే తెలియదు. ఆర్‌లో రాసుకుంటే డేటాలో ఆ ఒక్క గడి దిద్ది మళ్ళీ నడుపుతావు, ఫైలు మొత్తం కొత్తగా వస్తుంది.

ఇంకెవరు? ఆ, ఆ బాబు. "చతుర్థాంశాలు ఆర్‌లో ఒకటి, వేరే సాఫ్ట్‌వేర్‌లో ఇంకొకటి వస్తున్నాయి, ఏది తప్పు" అని. ఏదీ తప్పు కాదు. చతుర్థాంశం కట్టడానికి చాలా పద్ధతులున్నాయి. ఆర్‌లోనే తొమ్మిది ఇచ్చారు, మనం ఏమీ చెప్పకపోతే ఏడోది వాడుతుంది. ఏ పద్ధతో టేబుల్ కింద ఒక లైను రాయి.

ఇంకొకటి తీసుకుందాం. "మా గుంటలో తెల్లవారుజాము రీడింగులు సగం లేవు సార్, మరి ఆ డేటా పనికిరాదా?" ఎవరిది? నీదా? ఏ ఊరు బాబూ? సరే. పనికొస్తుంది. ముందు రోజు మొత్తానికి ఒకే సమ్మరీ తీయడం మానెయ్. పూటవారీగా విడగొట్టు. తెల్లవారుజాముది వేరే, మధ్యాహ్నానిది వేరే. తెల్లవారుజాము వరసలో రీడింగులు నలభై, ఖాళీలు నలభై అయిదు అని వచ్చిందనుకో, అట్లాగే రాయి. దాచవద్దు. తర్వాత మీ కరెంటు పోయిన రోజులు ఎవరికైనా గుర్తుంటే, జనరేటర్‌కి డీజిల్ కొన్న బిల్లులుంటే, వాటి తారీఖులు తీసుకుని ఆ ఖాళీల పక్కన పెట్టు. ఎన్ని కలిశాయో చూడు. ఆ నోటు పుస్తకం ఫోటోలు తీసి వచ్చేవారం ల్యాబుకి తీసుకురా, ఇద్దరం కూర్చుని చూద్దాం. బిల్లులు కూడా తీసుకురా, మరిచిపోవద్దు.